మణికట్టు మీద గీత

సోమవారం మధ్యాహ్నం సెంటర్ నుంచి వచ్చిన కూతురు స్రవ్యకు యూనిఫాం విప్పుతుంటే మహేశ్వరికి ఆ గీత కంటపడింది. ఎడమ మణికట్టు చుట్టూ, గాజు నిలిచే చోట, ఎర్రగా సన్నగా ఒక చుట్టు. దాని కిందే ఇంకొకటి, కాస్త మసకగా. చెయ్యి తిప్పి చూసింది. వెనక వైపూ ఉంది. దోమ కుట్టిన దద్దురైతే ఒకచోటే ఉంటుంది. గీరుకుంటే ఒకవైపే ఉంటుంది. ఇది చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది.

“ఎవరు బిడ్డా? ఎవరు కట్టిన్రు?” అని అడిగింది. అడిగినా లాభం లేదని తెలుసు. తొమ్మిదేళ్ల స్రవ్యకు మాట రాలేదు. డాక్టర్లు రాసిచ్చిన కాగితాల మీద దానికేదో పొడుగాటి పేరుంది కానీ, ఇంట్లోవాళ్లకు తెలిసింది వేరు. కుక్కర్ కూత పెడితే చెవులు మూసుకుని మంచం కిందకు దూరుతుంది. అన్నం తెల్లగా ఉంటేనే తింటుంది, ఒక్క పసుపు మెతుకు కనిపించినా పళ్లెం తోసేస్తుంది. కొత్త గౌను మెడ దగ్గరి కంపెనీ పేరు గుడ్డముక్క కత్తిరించేదాకా తొడుక్కోదు. గేటు తెరిచి ఉంటే చాలు, రోడ్డు మీదికి పరుగు. కడుపు నొచ్చినా, కాలు కాలినా, ఎవరైనా కొట్టినా ఒకటే ఏడుపు. ఏ ఏడుపు దేనికో ఊహించుకోవడమే తల్లి పని.

వెనక కొట్టంలో బర్రెలకు తవుడు కలుపుతున్న అత్త రుక్మాబాయిని పిలిచింది. ముసలామె చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, మనవరాలి చెయ్యి వెలుతురుకు పట్టి, బర్రె కాలు చూసినట్టే చూసింది. పాలు పిండే ముందు బర్రెల వెనక కాళ్లు కట్టడం ఆమెకు నలభై ఏళ్ల అలవాటు. ఏ ముడి ఎంత బిగిస్తే తోలు మీద ఏం మిగులుతుందో ఆమెకు తెలిసినంత పోలీసులకు కూడా తెలియదు.

“తాడు గాదు. తాడైతే పీచు గుర్తులు పడ్తయి. ఇది గుడ్డ. మెలేసిన గుడ్డ. ఎవలో కట్టుడు తెలిసినోళ్లే కట్టిన్రు,” అని తేల్చేసింది.

శాలిబండ సందులో ఆరు బర్రెలు పెట్టుకుని పాలు పోసే ఇల్లు అది. పాల వ్యాపారం నడిచేది పాల మీద కాదు, అనుమానం మీద. కొనడానికి వచ్చినవాళ్లు గోటి మీద చుక్క నిలబెట్టి చూస్తారు. నీళ్లు కలిపారా అని నోటితో అడగరు, ముఖంతో అడుగుతారు. పాలవాళ్లు తవుడు తెచ్చేవాణ్ని అనుమానిస్తారు. వాడు గోనెసంచి విప్పేలోపే చెయ్యి లోపలికంటా దూర్చి అడుగున పొట్టు ఉందేమో చూస్తారు. కోడలిగా వచ్చిన పన్నెండేళ్లలో మహేశ్వరికి ఈ ఇంట్లో అన్నిటికన్నా ముందు వంటబట్టింది ఆ చూపే.

నాలుగయ్యేసరికి ఎప్పట్లాగే గేటు దగ్గర పీట వేసుకుని పాలు పోయడానికి కూర్చుంది. పక్కన స్రవ్య. కిందటి ఏడు ఇలాగే పాలు కొలుస్తూ తల తిప్పిన ఒక్క క్షణంలో పిల్ల సందు దాటి బస్సుకు ఎదురుపోయింది. డ్రైవర్ బ్రేకు వేశాడు కాబట్టి బతికింది. అప్పటి నుంచి పాలవేళ మహేశ్వరి తన కొంగు చివర పిల్ల ఎడమ చేతికి ముడివేసుకుని కూర్చుంటోంది. వదులుగా, రెండు వేళ్లు దూరేంత. ఒక చేత్తో కొలపాత్ర, ఇంకో చేత్తో క్యాను పట్టుకోవాలి, పిల్లను పట్టుకోవడానికి దేవుడు మూడో చెయ్యి ఇవ్వలేదు మరి. ఈరోజు మాత్రం ఎర్రబడిన చోట రాపిడి తగలకూడదని కొంగును కుడిచేతికి మార్చింది. స్రవ్య గునిసింది. చెయ్యి గుంజుకుంది. నొప్పి వల్లే అనుకుంది మహేశ్వరి.

మొదటి అనుమానం ఆటో మున్నా భాయ్ మీదికి పోయింది. హుస్సేనీ ఆలంలో ఇలాంటి పిల్లల కోసం నడిపే సెంటర్‌కు ఐదుగురు పిల్లల్ని తీసుకుపోయి తీసుకొచ్చేది అతనే. మంగళవారం పొద్దున ఏదో పని ఉన్నట్టు మహేశ్వరి కూడా ఆటో ఎక్కింది. వెనక సీటుకు అడ్డంగా ఒక వెడల్పాటి బెల్టు కట్టి ఉంది. ఆమె చూపు దాని మీదే ఉండటం అద్దంలో చూశాడు మున్నా భాయ్. పిల్లలు పడిపోకుండా తానే కుట్టించానని, తన సొంత పిల్లలు పోయే ఆటోలో కూడా ఇంత జాగ్రత్త ఉండదని అడక్కముందే చెప్పుకొచ్చాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని మహేశ్వరి మనసులో అనుకుంది. కానీ బెల్టు నాలుగు వేళ్ల వెడల్పుంది. అత్త చెప్పింది మెలేసిన గుడ్డ. అయిష్టంగానే అతన్ని వదిలేసింది.

మధ్యాహ్నం మళ్లీ గీత. బుధవారం మళ్లీ, ఇంకా ఎర్రగా.

భర్త రామ్‌చందర్ హోటళ్లకు పాలు వేసి వచ్చి అన్నం ముందు కూర్చోగానే పిల్ల చెయ్యి పట్టుకొచ్చి అతని కళ్ల ముందు పెట్టింది. అతను చాలాసేపు చూశాడు. చూసి, తొందరపడొద్దన్నాడు. ఇంతకుముందు రెండు బడులు పిల్లను ఉంచుకోలేమని తిప్పి పంపిన సంగతి గుర్తు చేశాడు. ఈ సెంటర్‌లో ఏడాదిన్నరగా ఉంటోంది, పూసలు గుచ్చడం నేర్చింది, తనంతట తాను బాత్‌రూంకు పోతోంది. ఇది కూడా పోతే మళ్లీ రోజంతా ఇంట్లోనే.

“లొల్లి పెట్టకు మహేశ్వరీ. ముందుగాల ఎవలో తెలుసుకో. ఇదొక్కటే ఉన్నది మనకు దగ్గర్ల,” అన్నాడు.

తెలుసుకోవడం ఎలా? చెప్పాల్సిన నోరు లేదు. ఆ మాటే అంటూ కళ్లొత్తుకుంటుంటే రుక్మాబాయి కొట్టంలోంచి ఒక ఉపాయం చెప్పింది. ఏ దుడ్డె కట్టు తెంచుకుని దొంగతనంగా పాలు తాగుతోందో తెలియకపోతే బర్రె పొదుగుకు పేడ పూస్తారు. తాగిన దుడ్డె మూతే పట్టిస్తుంది. దుడ్డెలు కూడా మాట్లాడవు కదా.

మహేశ్వరికి మెదడులో దీపం వెలిగింది. గురువారం పొద్దున ఆముదం దీపం మీద పట్టిన చిక్కటి కాటుక తీసి, స్రవ్య ఎడమ మణికట్టు చుట్టూ, చొక్కా చేతి కింద కనబడకుండా, గాజంత మందాన పూసింది. కట్టే గుడ్డకు కాటుక అంటాలి. గుడ్డ దొరికితే మనిషి దొరికినట్టే. మధ్యాహ్నం పిల్ల వచ్చేసరికి కాటుక రెండు చుట్లుగా తుడుచుకుపోయి ఉంది, మధ్యలో గీత ఎర్రగా నిక్కి కనబడుతోంది. ఇక ఆగలేకపోయింది. శుక్రవారం మళ్లీ కాటుక పూసి పంపి, పిల్ల నీళ్ల సీసా తానే దాచిపెట్టి, పదకొండున్నరకు ‘సీసా మర్చిపోయింది’ అంటూ సెంటర్‌కు బయల్దేరింది.

సెంటర్ ఒక పాత ఇంటి పై అంతస్తులో ఉంది. తల్లిదండ్రులు కింది గేటు దాకానే రావాలని నియమం. మహేశ్వరి కాపలా మనిషి పిలుస్తున్నా వినకుండా మెట్లెక్కింది. హాల్లో పిల్లలు వరుసగా కూర్చుని ఉన్నారు. అన్నం వేళ. ఆయా సక్కుబాయి వంగి ఒక్కొక్క పళ్లెంలో పప్పు వేస్తోంది, స్రవ్య పళ్లానికి వచ్చేసరికి పప్పు గరిటె పక్కన పెట్టి తెల్లన్నం మాత్రం పెట్టింది. ఆ సంగతి మహేశ్వరి చూసింది కానీ పట్టించుకోలేదు. ఆమె చూస్తున్నది సక్కుబాయి చీరను. లేత పసుపు నూలు చీర. కొంగు చివర పిండిన గుడ్డలా ముడతలు పడి ఉంది. ముడతల నిండా నల్లటి మరకలు.

సక్కుబాయి తలెత్తింది. తల్లి చూపు ఎక్కడుందో గమనించింది. చేతిలోని గిన్నె దించి, కొంగు చివర ముడుచుకుని నడుంలో దోపుకుంది. ఆ ఒక్క కదలికతో ఆమె మహేశ్వరి కళ్లకు దొంగ అయిపోయింది.

ఆ తరువాత జరిగిన గోల కింద వీధి దాకా వినిపించింది. పిల్లలు కొందరు ఏడుపు అందుకున్నారు. సెంటర్ నడిపే అమల మేడం గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. మహేశ్వరి కూతురి చెయ్యి ఒక చేత్తో, సక్కుబాయి కొంగు ఇంకో చేత్తో పట్టుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. కాటుక సంగతి చెప్పింది. నాలుగు రోజులుగా గీత చూస్తున్న సంగతి చెప్పింది. ఇంట్లో కూడా పిల్లల్ని కట్టం, తాళం వేసి ఉంచం అని చేర్చుకునే రోజు తల్లిదండ్రుల దగ్గర సంతకం తీసుకున్నది మీరే కదా, మీ సెంటర్‌లోనే ఈ పనా అని నిలదీసింది.

సక్కుబాయికి యాభై దాటి ఉంటాయి. చేతికి పప్పు అంటుకుని ఉంది. కడుక్కోవడానికి కూడా పోలేదు.

“నేను కట్టలేదమ్మా. పిల్లనే నా కొంగు పట్టి చుట్టుకుంటది,” అంది.

“నోరు లేని పిల్ల మీద ఏస్తున్నవా? అది వచ్చి లేదని చెప్పదనేగా?”

చుట్టుకుంటుంటే ఎందుకు ఆపలేదని, తనకెందుకు చెప్పలేదని అమల మేడం అడిగింది. విడిపిస్తే ఏడుస్తుందని, చుట్టుకుంటే నిమ్మళంగా కూర్చుని పూసలు గుచ్చుతుందని సక్కుబాయి నెమ్మదిగా చెప్పింది. తరువాత ఇంకో మాట అంది. “మీకు చెప్తే కొంగు ఇయ్యొద్దంటరు మేడం. అందుకని చెప్పలే.”

తప్పు ఒప్పుకున్నట్టే వినబడింది అది. సాయంత్రం పాలు పోసే వేళకు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. ఒక పిల్లను కట్టి ఉంచినట్టు ఫిర్యాదు రుజువైనందున ఆయాను తొలగించామని, తల్లిదండ్రులు నిశ్చింతగా ఉండాలని. ఆ తరువాత ఫోన్లే ఫోన్లు. ముఖం కూడా సరిగా తెలియని తల్లులు మహేశ్వరి తెలివిని మెచ్చుకున్నారు. ఒకావిడ కాటుక ఎలా పట్టాలో అడిగి తెలుసుకుంది. మహేశ్వరి ఆ రాత్రి చాలారోజులకు కడుపు నిండా తిని నిద్రపోయింది.

సోమవారం నుంచి మణికట్టు మీద గీత లేదు. చేతి వెనక పంటిగాట్లు మొదలయ్యాయి.

పిల్ల తన చెయ్యి తానే కొరుక్కుంటోందని మంగళవారం అమల మేడం ఫోన్ చేసింది. అన్నం ముట్టడం లేదు. పూసల డబ్బా విసిరికొట్టింది. కొత్త ఆయా చుట్టూ తిరుగుతూ ఆమె వెనక్కి పోయి వీపు తడుముతోంది. కొత్త ఆయా చిన్న వయసుది, పంజాబీ డ్రెస్ వేసుకుంటుంది, పిల్లల చేతికి అందకుండా చున్నీ వెనక్కి ముడేసుకుంటుంది. రెండు రోజులు తల్లి వచ్చి పక్కన కూర్చుంటే సర్దుకుంటుందేమోనని మేడం అంది. కొత్త మనిషి కూడా ఏదో చేస్తోందని మహేశ్వరికి వెంటనే అనిపించింది. అనుమానానికి ఒకసారి మేత రుచి చూపిస్తే ఇక అది కట్టుకొయ్య దగ్గర నిలబడదు.

బుధవారం పోయి హాల్లో ఒక మూల కూర్చుంది. కొత్త ఆయాను కళ్లార్పకుండా కనిపెట్టింది. ఆ అమ్మాయి ఏమీ చేయలేదు. చేసే ధైర్యం కూడా లేదు పాపం, పిల్లల్ని ముట్టుకోవాల్సి వచ్చినప్పుడల్లా తల్లి వైపు చూసి మరీ ముట్టుకుంటోంది. స్రవ్య గోడ వెంబడి తిరుగుతోంది. తల్లి దగ్గరికి ఒకసారి వచ్చింది. మహేశ్వరి ఆ రోజు బయటికి వచ్చేటప్పుడు కొంగు చుట్టూ తిప్పి నడుంలో గట్టిగా దోపుకుని ఉంది. పిల్ల చూసి వెళ్లిపోయింది.

పదకొండు గంటలకు మేడంను అడిగి యశోద పైకి వచ్చింది. ఆమె కొడుకు పింటూ కూడా అక్కడే ఉంటాడు, వాడిని డాక్టరుకు చూపించడానికి తీసుకుపోవాలి. కొడుకు చెప్పులు తొడుక్కునేదాకా ఆగుదామని గోడకానుకుని కింద కూర్చుంది. ఆమె నీలం చీర కొంగు నేల మీద పడి ఉంది.

స్రవ్య ఆగింది. నేరుగా నడిచి వచ్చి యశోదకు కుడిపక్కన మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. కొంగు చివర తీసుకుని, తడిబట్ట పిండినట్టు రెండు చేతులతో మెలిపెట్టింది. ఎడమ మణికట్టుకు ఒక చుట్టు చుట్టింది. ఇంకో చుట్టు. కొసను పళ్లతో పట్టి లాగి బిగించింది. ఎక్కడా తడబాటు లేదు. రోజూ చేసే పనిలా చేసింది. ఆ తరువాత మూడు రోజులుగా విసిరికొడుతున్న పూసల డబ్బాను కుడిచేత్తో దగ్గరికి జరుపుకుని ఒక ఎర్రపూస ఏరింది.

యశోద రెండు చేతులూ పైకెత్తేసింది. “చూడక్కా, నేను ముట్టలే. నా చేతులు ఈడనే ఉన్నయి,” అంది.

మహేశ్వరి కూతురు కూర్చున్న తీరు చూస్తోంది. కుడిపక్కన, మోకాళ్లు ముడుచుకుని, ఎడమచెయ్యి కొంగులో. సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గర, పాలు పోసే పీట పక్కన రోజూ కూర్చునే తీరు అదే. ఏడాదిగా తాను నేర్పిందే. పారిపోకుండా వేసిన కట్టు అనుకుంది తను. పిల్లకు అది అమ్మ పక్కన కూర్చోవడం. అమ్మ లేనిచోట అమ్మలాంటి మనిషిని ఒకరిని వెతుక్కుని ఆమె కొంగు అడిగింది. తొమ్మిదేళ్లలో పిల్ల నోరు లేకున్నా అడిగిన మొదటి కోరిక అది. ఇంట్లో ఎప్పుడూ అడగలేదు, ఎందుకంటే అడగకముందే తాను కట్టేసేది. అడిగితే ఇచ్చిన మనిషిని తాను నలుగురిలో నిలబెట్టి పని పోగొట్టింది. మహేశ్వరికి ఒళ్లంతా సిగ్గుతో మండింది. ఆ సిగ్గు అడుగున ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఆమె తనకు తాను ఒప్పుకోవడానికి ఇంకా కాసేపు పట్టింది. సక్కుబాయి మీద ఈర్ష్య.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పింది. దొంగను పట్టించిన ఉపాయం రుక్మాబాయిది కదా.

“గుడ్డ అని చెప్పిన. కట్టిన చెయ్యి ఎవలదో నేను చెప్పలే,” అని గొణిగింది. ఆ తరువాత తన భయం చెప్పింది. ఇప్పుడు పోయి నిజం చెబితే ఇంట్లో పిల్లను కట్టేది తల్లే అని నలుగురికీ తెలుస్తుంది. సంతకం పెట్టిన కాగితం ఉంది. పిల్లను తీసేస్తే ఏం గతి? ఆయమ్మకు ఇంకోచోట పని దొరుకుతుంది, మన పిల్లకు ఇంకో బడి దొరకదు. నువ్వు నోరు మూసుకో, ఆ పాపం నా నెత్తిన వేసుకుంటానంది ముసలామె. రామ్‌చందర్ పాలక్యాన్లు కడుగుతూ ఉండిపోయాడు.

గురువారం మహేశ్వరి సక్కుబాయి ఇల్లు వెతుక్కుంటూ పోయింది. హుస్సేనీ ఆలం దాటి రెండు సందుల లోపల, ఒకే గది. సక్కుబాయి వాకిట్లో చింతపండు కుప్ప ముందు కూర్చుని గింజలు తీస్తోంది. అఫ్జల్‌గంజ్ దుకాణం వాళ్లు ఇచ్చే కూలిపని. వేళ్లు పులుపుకు పగిలి ఉన్నాయి. వచ్చిన మనిషిని చూసి లేవలేదు, పొమ్మని అనలేదు. పీట జరిపింది.

మహేశ్వరి కూర్చోలేదు. యశోద కొంగు సంగతి, గేటు దగ్గరి సంగతి అంతా చెప్పింది. తప్పు నాదేనంది. సక్కుబాయి గింజలు తీస్తూనే వింది. పిల్ల అన్నం తింటోందా అని మాత్రం అడిగింది. తినడం లేదని మహేశ్వరి చెప్పింది.

“మెతుకులు అతుక్కుంటే తినదు. విడివిడిగ ఆరబెట్టి పెట్టాలె. ఆ కొత్త పోరికి చెప్పు,” అంది సక్కుబాయి.

మళ్లీ పనికి రమ్మని మహేశ్వరి బతిమిలాడింది. తాను మేడంతో ఒంటరిగా మాట్లాడి ఒప్పిస్తానంది. అప్పుడు సక్కుబాయి చేతిలోని చింతపండు కింద పెట్టింది.

“నేను కట్టలేదని నాకు తెల్వదా బిడ్డా? మేడంకు ఒక్కదానికి చెప్తే ఏమొస్తది? ఆ ఫోన్ల కబురు నా గల్లీ దాక వచ్చింది. ఈ ఎదురింటామె తన మనవడ్ని నా ఒళ్లో పండవెట్టి బజారు పోయేది. ఇప్పుడు పిల్లగాన్ని సంకనేసుకుని పోతున్నది. తెల్వనోళ్లకు చెప్పు.”

మహేశ్వరి తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కలేదు. శాలిబండ దాకా నడిచింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెబితే పిల్ల చోటు పోవచ్చు. చెప్పకపోతే ఒక ఆడమనిషి ముఖం మీద తాను పూసిన కాటుక అలాగే ఉంటుంది.

శనివారం తల్లిదండ్రుల మీటింగు. నెలకొకసారి జరిగేదే. పాతికమంది దాకా వచ్చారు. అమల మేడం కొత్త ఆయాను పరిచయం చేసి, ఇకపై హాల్లో కెమెరా పెట్టిస్తానని చెప్పింది. మహేశ్వరిని చూసి కొందరు తల్లులు తలలూపి పలకరించారు. ఆమె లేచి నిలబడింది. మళ్లీ ఏదో పట్టుకుందనుకుని అందరూ శ్రద్ధగా తిరిగారు.

“సక్కుబాయమ్మ నా బిడ్డను కట్టలే. ఆ కట్టు నాది. ఏడాది నుంచి పాలు పోసేటప్పుడు నా కొంగు నా బిడ్డ చేతికి కడ్తున్న. రోడ్డు మీదికి ఉరుకుతదని. బిడ్డ అది నేర్చుకుని ఆయమ్మ కొంగు అడిగింది. ఆమె ఇచ్చింది. ఇచ్చినందుకు నేను ఆమెను దొంగను చేసిన. కాటుక పూసి పట్టుకున్న అన్న గదా, ఆ కాటుక కొంగుకు అంటింది నిజమే. ఎవరు చుట్టిన్రో కాటుక చెప్పదు.”

యశోద లేచి, తన కళ్ల ముందే పిల్ల తానే చుట్టుకుందని చెప్పింది. ముందు వరుసలో ఒకావిడ, కాటుక పట్టడం అడిగి తెలుసుకున్నావిడే, కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంది. గుసగుసలు మొదలయ్యాయి. ఇంట్లో కట్టేసే తల్లికి సెంటర్ మీద పడే హక్కేముందని ఒక నాన్న బయటికే అన్నాడు. ఆ మాట నిజం కాబట్టి మహేశ్వరి తలొంచుకుని విన్నది. వెనక వరుసలోంచి ఒక ముసలాయన మాత్రం, ఎవరినీ చూడకుండా, మేము పనికి పోయేటప్పుడు బయట గొళ్లెం పెడతామని నేలకు చెప్పినట్టు చెప్పాడు. ఆయన పక్కనున్న కోడలు ఏడ్చింది.

అమల మేడం ఫైలు తెరిచి సంతకం ఉన్న కాగితం చూసింది. పిల్లను తీసేయనంది. ఇంటికి వచ్చి గేటు చూస్తానని, కట్టకుండా ఏం చేయొచ్చో కూర్చుని ఆలోచిద్దామని, ఈ సంగతి మాత్రం ఫైల్లో రాస్తానని చెప్పింది. అందరి ముందే ఫోన్ తీసి గ్రూపులో కబురు పెట్టింది. ఆయా తప్పు లేదని, తొందరపడి తీసేసినందుకు సెంటర్ తరఫున క్షమించమని. కబురు అందరి ఫోన్లలో ఒకేసారి టింగుమంది. మహేశ్వరి మీటింగు అయ్యేదాకా ఆగలేదు. తన ఫోన్ పట్టుకుని సక్కుబాయి వాకిటికి పోయి, ఎదురింటామెను కూడా పిలిచి, కబురు పైకి చదివి వినిపించింది.

సోమవారం సక్కుబాయి పనికి వచ్చింది.

ఆ రోజు మున్నా భాయ్ ఆటోలో మహేశ్వరి కూడా పోయింది. కింది గేటు దగ్గర నిలబడి చూసింది. మెట్ల మీద సక్కుబాయి కనబడగానే స్రవ్య చెయ్యి విదిలించుకుని ఎక్కింది. ఆమె పక్కకు చేరి చెయ్యి చాపింది. కొంగు లేదు. భుజం మీద పిన్నీసు. చుట్టూ తిప్పి నడుంలో దోపిన చోట ఇంకో పిన్నీసు. స్రవ్య వెనక్కి తిరిగి చూసింది. ముందుకొచ్చి చూసింది. నడుం దగ్గర దోపిన గుడ్డ మడతలోకి వేళ్లు దూర్చింది. సక్కుబాయి ఆ వేళ్లను ఒక్కొక్కటే విడిపించి, అరచేయి ముద్దుపెట్టుకుని వదిలింది. “వద్దు బంగారం. లోపల పూసలున్నయి, పా.”

మహేశ్వరి నియమం మరిచి నాలుగు మెట్లెక్కింది. అందరికీ చెప్పాను కదా, ఇక ఎవరూ ఏమీ అనరని, పిన్నీసు తీసేయమని అడిగింది.

“ఎవరు అనరు తల్లీ. నాకే భయమైతుంది,” అంది సక్కుబాయి. కోపంగా అనలేదు. పిల్ల వీపు మీద చెయ్యి వేసి లోపలికి తీసుకుపోయింది. స్రవ్య పోతూ పోతూ రెండుసార్లు ఆ నడుం వైపు వంగి చూసింది.

సాయంత్రం నాలుగింటికి మహేశ్వరి గేటు దగ్గర పీట వేసుకుంది. గేటుకు గొళ్లెం పెట్టింది, పాలకు వచ్చినవాళ్లు తట్టాలి. కొంగు చేతికి కట్టలేదు. ఒళ్లోంచి నేల మీదికి జారవిడిచింది. కావాలంటే తీసుకుంటుంది. అడిగేదాకా ఆగాలని, కట్టకూడదని, పిలవకూడదని తనకు తాను గట్టిగా చెప్పుకుంది. ముగ్గురికి పాలు పోసింది. నాలుగో మనిషి గోటి మీద చుక్క పెట్టి చూసుకుని పోయింది.

స్రవ్య గోడ పక్క నుంచి వచ్చింది. పీటకు కుడివైపు మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. నేల మీదున్న కొంగు చూసింది. చెయ్యి చాపింది. గుడ్డకు బెత్తెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. తరువాత తలెత్తి తల్లి ముఖంలోకి చూసింది. తొమ్మిదేళ్లలో ఆ పిల్ల ఎవరి ముఖంలోకీ అంతసేపు చూడలేదు. ఎన్ని ఆసుపత్రుల్లో, ఎన్ని ఆటలతో ఆ చూపు కోసం మహేశ్వరి పడిగాపులు కాసిందో లెక్కలేదు. ఇప్పుడు వచ్చింది. అది ప్రేమ చూపు కాదని తల్లికి తెలిసిపోయింది. గోటి మీద చుక్క పెట్టి చూసేవాళ్ల చూపు అది. ఈ కొంగు ఇస్తుందా, లాక్కుంటుందా అని పిల్ల కనిపెడుతోంది.

గేటు బయట ఎవరో క్యానుతో తట్టారు. మళ్లీ తట్టారు. మహేశ్వరి కదల్లేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, కొంగు ఉన్నచోటే ఉండనిచ్చి, పిల్ల చూసినంతసేపూ తన ముఖం చూడనిచ్చింది.